ముప్పయ్యో పేజీ దాటించే పుస్తకం

విశాఖలో ఊరంతా కలిసి ఒకే పుస్తకం చదువుదామని ఎవరైనా అంటే చాలు, మాట పూర్తికాక ముందే రెండు పేర్లు వచ్చేస్తాయి. ఒకటి కన్యాశుల్కం, రెండోది మహాప్రస్థానం. కాస్త సాహిత్యం గాలి సోకినవాళ్లయితే విశాఖ కథకుడు రావిశాస్త్రి గారి పుస్తకం ఏదో ఒకటి మూడో పేరుగా కలుపుతారు. దాంతో ఎంపిక అయిపోయినట్టే, ఇక బ్యానరు కొట్టించడమే తరువాయి. ఇవి గొప్ప పుస్తకాలు కావని అనేవాణ్ణి కాను. నా పేచీ అల్లా గొప్పతనం చూసి ఊరికి పుస్తకం ఎంచడం మీద. పదేళ్లుగా పుస్తకం ముట్టని మనిషి చివరి పేజీ దాకా చదవాలి, చదివాక పక్కింటాయనతో వాదన పెట్టుకోవాలి. ఈ రెండూ జరిపించలేని పుస్తకం ఎవరు రాసిందైనా ఆ ఏటికి అలమరలోనే ఉండనివ్వాలి.

ఊరంతటికీ ఒకే పుస్తకం అనే ఆలోచన 1998లో అమెరికాలోని సియాటిల్‌లో మొదలైంది. అక్కడి నగర గ్రంథాలయంలో పనిచేసే నాన్సీ పెర్ల్ దీన్ని నడిపించారు. 2001లో షికాగో అందుకున్నాక మిగతా ఊళ్లకూ పాకింది. మనకు పనికొచ్చే పాఠం మాత్రం ఆ తరవాతి ఏడాది న్యూయార్క్‌లో దొరుకుతుంది. అక్కడ పుస్తకం ఎంచాల్సిన వాళ్లు రెండు పుస్తకాల దగ్గర రెండుగా చీలిపోయారు. ఏ పుస్తకం ఏ జనాన్ని నొప్పిస్తుంది, ఏది ఎవరి తరఫున మాట్లాడుతుంది అన్న తగువు ఎంతకీ తెగలేదు. అంత పెద్ద ఊరూ, అన్ని గ్రంథాలయాలూ ఉండి కూడా ఎంపిక దగ్గరే బండి ఆగిపోయింది. చదివించడం కన్నా ఎంచడమే కష్టమైన పని.

మొదట ఆ రెండు పేర్ల సంగతి తేల్చేద్దాం. కన్యాశుల్కం 1892లో ప్రదర్శించారు, 1897లో అచ్చయింది. ఇవాళ మనం చదివేది 1909లో గురజాడ బాగా పెంచి తిరగరాసిన కూర్పు. ఏడంకాలు. వందేళ్ల నాటి విజయనగరం వీధుల మాట, మధ్యలో సంస్కృతం, గిరీశం ఇంగ్లీషు. అడుగున వివరణలు లేకుండా కొత్త పాఠకుడు అందులో ఈదలేడు. అంతకన్నా పెద్ద చిక్కు, అది అందరికీ ‘తెలిసిన’ పుస్తకం కావడం. 1955 సినిమా చూసిన వాళ్లుంటారు, గిరీశం మాటలు నాలుగు ఎవరినడిగినా అప్పజెబుతారు. చదివేశామనుకునే పుస్తకాన్ని మళ్లీ చేతికిస్తే పుచ్చుకుని బీరువాలో పెట్టేస్తారు, అంత భద్రంగా. ఇక 1950లో పుస్తకంగా వచ్చిన మహాప్రస్థానం శ్రీశ్రీ పుట్టిన ఊళ్లో చదవకపోతే ఎలా అంటారు. అది గొంతెత్తి చదువుకునే పుస్తకం. దాని మీద చర్చ పెడితే అరగంటలో కచేరీ అవుతుంది. కచేరీ బావుంటుంది, కానీ మనం పిలిచింది వాదనకి.

ఇప్పుడు లెక్క. డెమ్మీ సైజులో, అంటే మామూలు నవల సైజులో, పన్నెండు పాయింట్ల అక్షరంతో వేసిన తెలుగు పుస్తకంలో పేజీకి సుమారు 220 నుంచి 250 మాటలు పడతాయి. అలవాటు తప్పిన మనిషి నిమిషానికి 80 మాటలు చదువుతాడనుకోండి, పేజీకి మూడు నిమిషాలు. రోజుకి పావుగంట, వారానికి ఐదు రోజులు, ఆరు వారాలు. మొత్తం 450 నిమిషాలు, అంటే 150 పేజీలు. ఇంతకన్నా లావు పుస్తకం ఎంచినప్పుడు, ఎంచినవాళ్లు తమ వేగంతో లెక్కేసుకున్నారని అర్థం. అచ్చు భాషలో చెప్పాలంటే డెమ్మీలో ఫారానికి, అంటే ఒకసారి అచ్చు కొట్టి మడిచే కాగితానికి, 16 పేజీలు, తొమ్మిది ఫారాలు కలిపి 144. అదే గీత. మూడొందల పేజీల నవలని ‘రెండు నెలలిద్దాం’ అని సర్దుకునేవాళ్లు ఉంటారు. నెల దాటాక కథలో మొదట ఏం జరిగిందో మరిచిపోతారు, మళ్లీ మొదటికి వెళ్లరు.

పేజీలు తక్కువైనంత మాత్రాన పుస్తకం కదులుతుందని లేదు. అందుకే ముప్పయ్యో పేజీ పరీక్ష. ఆఖరి జాబితాలో మిగిలిన ఒక్కో పుస్తకాన్నీ ఐదుగురికి ఇవ్వాలి. ఆ ఐదుగురిలో రచయితా, తెలుగు మాస్టారూ, కమిటీ వాళ్ల ఇంటివాళ్లూ ఉండకూడదు. ఇంగ్లీషు మీడియంలో చదివిన డిగ్రీ విద్యార్థి ఒకరు, పదవీ విరమణ చేసినవారొకరు, ఇల్లు చూసుకునే ఆవిడ ఒకరు, ఆటో నడిపేవారో దుకాణంలో కూర్చునేవారో ఒకరు, వేరే జిల్లా నుంచి వచ్చి మధురవాడలోనో గాజువాకలోనో స్థిరపడినవారొకరు. ఇది ఎంపిక కోసమని చెప్పొద్దు, చెబితే మొహమాటానికి పూర్తి చేస్తారు. ఒక పెన్సిలిచ్చి, ఎక్కడ పుస్తకం మూసినా ఆ పేజీ మూల చిన్న గీత గియ్యమంటే చాలు. పది రోజుల తరవాత తీసుకుని చూస్తే గీతలే కథ చెబుతాయి. నాలుగేసి పేజీలకొక గీత ఉండి, 22 దగ్గర ఆఖరి గీత ఉంటే ఆ మనిషి కష్టపడి ఓడిపోయాడన్నమాట. ఆరో పేజీ దగ్గర ఒకే ఒక్క గీత ఉంటే అసలు మొదలే కుదరలేదు. ఐదుగురిలో ముగ్గురు ముప్పై లోపు ఆగిపోతే ఆ పుస్తకాన్ని వదిలెయ్యాలి, అది మన ప్రాణమైనా సరే.

పుస్తకం వెనక్కి తీసుకునేటప్పుడు ‘ఎలా ఉందండీ’ అని అడగొద్దు. ‘బావుందండీ’ అంటారు. మన దగ్గర అది మర్యాద, అభిప్రాయం కాదు. ‘ఇందులో ఎవరు గుర్తున్నారు?’, ‘ఎవరి మీద కోపం వచ్చింది?’, ‘ఇంట్లో ఎవరికైనా ఈ కథ చెప్పారా?’ ఇలా అడిగితే నిజం బయటికొస్తుంది. మూడో ప్రశ్నకి ఔనని ఇద్దరన్నా అంటే ఆ పుస్తకం మీద ఆశ పెట్టుకోవచ్చు.

చదివించడం ఒకెత్తు, వాదన పుట్టించడం ఇంకొకెత్తు. అందరూ ఒప్పుకునే పుస్తకం సభకి మంచిది, చర్చకి చెడ్డది. మంచివాడు గెలిచి చెడ్డవాడు ఓడితే మాట్లాడుకోడానికి ఏం మిగులుతుంది? పరీక్షకి పెట్టిన పుస్తకం గురించి ఐదు ప్రశ్నలు రాసి చూడండి. వాటిలో కనీసం మూడు, ఇద్దరు మర్యాదస్తులు చెరోవైపూ నిలబడగలిగినవై ఉండాలి. ‘రచయిత ఇచ్చిన సందేశమేమిటి?’ లాంటివి లెక్కలోకి రావు, అవి పరీక్ష పేపర్లో రెండు మార్కులవి.

ఈ గీటురాయి మీద నాకు అన్నిటికన్నా బాగా నిలబడేది కాళీపట్నం రామారావు గారి యజ్ఞం. 1964లో అచ్చయిన పెద్ద కథ. అప్పు తీర్చాలా వద్దా అన్న పంచాయితీ చుట్టూ నడుస్తుంది. చట్టం ఏమంటుంది, మాటిచ్చిన పెద్దమనిషి ఏమంటాడు, తీర్చాల్సిన కుటుంబానికి ఏం మిగులుతుంది అని ఒక్కో పొరా విప్పుకుంటూ పోతుంది. ముగింపు మీద అరవై ఏళ్లుగా తగువులాడుకుంటూనే ఉన్నారు. అలా రాయకూడదన్న వాళ్లున్నారు, అలా కాక ఇంకెలా రాస్తారన్న వాళ్లున్నారు. ఇంటి లోను కడుతున్న ప్రతివాళ్లకీ అందులో ఒక కుర్చీ ఉంది. ఉత్తరాంధ్ర పల్లె కథ, రాసినాయన విశాఖలో బడి పంతులుగా పనిచేసినాయన. తీరిగ్గా కూర్చుంటే ఒక పూటలో పూర్తవుతుంది. పెద్దలకు మాత్రమే ఇవ్వాలి, ముగింపు బళ్లో పిల్లలకి పెట్టేది కాదు. పిల్లలకి వేరే చిన్న కథ జతగా ఉంటే ఇంట్లో ఇద్దరి చేతుల్లోనూ పుస్తకం ఉంటుంది.

కథల సంపుటి ఇస్తే సులువు కదా, ఎవరికి నచ్చిన కథ వాళ్లు చదువుకుంటారని ఒక వాదన ఉంది. సరిగ్గా అందుకే వద్దంటాను. పన్నెండు కథల పుస్తకంలో ఒకరు రెండోది చదువుతారు, ఇంకొకరు ఏడోది చదువుతారు, చర్చలో ఎవరికీ ఎవరి మాటా అందదు. ఒకే పుస్తకం చదివారు గాని ఒకే కథ చదవలేదు. సంపుటే కావాలంటే మూడు కథల పేర్లు ముందే ప్రకటించి మిగతావి మీ ఇష్టం అనాలి. రావిశాస్త్రి గారి ఆరు సారా కథలు ఇలా చదవడానికి అనువైనది. మద్యనిషేధం నాటి సారా, పోలీసులు, కోర్టులు, అంతా ఈ ఊరే. అల్పజీవి నవలైతే రెండో ఏడాదికి దాచుకుంటాను. బయట జరిగే దానికన్నా కథానాయకుడు సుబ్బయ్య బుర్రలో జరిగేదే ఎక్కువ. అలవాటు లేనివాళ్లు సరిగ్గా అలాంటి చోటే పుస్తకం మూసేస్తారు.

యాస గురించి ఒక మాట. ‘సెప్పాడు’, ‘ఏటి’, ‘గుంటడు’ అని మాట్లాడేవాళ్లు కూడా ఆ మాటల్ని అచ్చులో చూసి తడబడతారు, ఎందుకంటే బళ్లో ఎవరూ వాటిని రాయనివ్వలేదు. కళ్లకి కొత్త, చెవికి పాత. మొదటి నాలుగు పేజీలు పైకి చదివి వినిపిస్తే ఆ తడబాటు పోతుంది. అందుకని ప్రతి చోటా తొలి కలయిక చదివి వినిపించడమే కావాలి, ప్రసంగం కాదు. గుంటూరు నుంచో కడప నుంచో వచ్చినవాళ్ల కోసం పాతిక మాటలకి అర్థాలు చివరి అట్ట లోపల వేస్తే చాలు. పాత పుస్తకాల్లో కులాల పేర్లు తిట్లుగా వాడిన చోట్లుంటాయి. అవి కమిటీ ముందే పేజీ నంబరుతో సహా రాసుకుని, ఆ మాటలు పడిన వర్గాల పాఠకుల చేత చదివించి, ఇవ్వొచ్చో లేదో వాళ్ల మాట విన్నాకే ముందుకెళ్లాలి. అచ్చయిపోయాక తెలుసుకోవడం కన్నా ఇది నయం.

కమిటీ అన్నాను కాబట్టి దాని జబ్బులు కూడా చెప్పాలి. ఏడుగురు చాలు, అందులో సగం మంది సాహిత్యంతో సంబంధం లేనివాళ్లుండాలి. తన పుస్తకం గాని, బంధువు పుస్తకం గాని, తాను అచ్చువేసిన పుస్తకం గాని జాబితాలో ఉంటే ఆ మనిషి ఆ ఏడాది తప్పుకోవాలి. పూర్తిగా చదవనివాళ్లకి ఓటు లేదు. ఈ ఒక్క నియమం పెట్టగానే సగం సిఫార్సులు వాటంతటవే రాలిపోతాయి. వాట్సాప్ గ్రూపులో పోలింగు మాత్రం పెట్టొద్దు. జనం విన్న పేరుకే వేస్తారు, లేదా రచయిత స్నేహితులు వరసకట్టి వేస్తారు. ‘మా పుస్తకం ఎంచితే ఐదొందల కాపీలు ఉచితం’ అని ఒక పెద్దమనిషి తప్పకుండా వస్తాడు. ఆ ఐదొందలూ అటక మీద ఎన్నేళ్లుగా ఉన్నాయో దుమ్ము చూస్తే తెలుస్తుంది. దండం పెట్టి, ఆ పుస్తకాన్ని కూడా అదే ఐదుగురికి ఇస్తే సరి.

ఓట్లు లెక్కపెట్టేటప్పుడు మెజారిటీ పద్ధతి పనికిరాదు. నలుగురికి నచ్చి ముగ్గురికి గిట్టని పుస్తకం గెలుస్తుంది, ఆ ముగ్గురూ పనిలో కనిపించరు. ఆఖరి మూడు పుస్తకాల్లో ఒక్కోదానికీ ప్రతి సభ్యుడూ సున్నా, ఒకటి, రెండు ఇలా వేస్తే మేలు. సున్నా అంటే ‘ఇది నేనెవరికీ ఇవ్వను’, ఒకటి అంటే ‘ఇస్తాను’, రెండు అంటే ‘నా డబ్బుతో కొని ఇస్తాను’. రెండు సున్నాలు పడిన పుస్తకం ఎన్ని మార్కులొచ్చినా పోతుంది.

కాపీల పంపకంలో ఆశ ఎక్కువైతే మునుగుతాం. జీవీఎంసీలో, అంటే మన నగరపాలక సంస్థలో, 98 వార్డులున్నాయి, వార్డుకి ఐదు చొప్పున 490 పుస్తకాలు చల్లితే ఏ వీధిలోనూ ఒకరి చేతిలో పుస్తకం ఇంకొకరికి కనబడదు. చదివినవాడికి మాట్లాడే తోడు దొరకదు. ద్వారకానగర్ పౌర గ్రంథాలయం, కంచరపాలెం, ఉక్కునగరం, పెదజాలారిపేట, ఇలా పది చోట్లు ఎంచుకుని ఒక్కోచోట 30 కాపీలు పెట్టాలి. మొత్తం 300. మనిషికి రెండు వారాల చొప్పున ఆరు వారాల్లో ఒక కాపీ ముగ్గురు చదవాలి, 900 మంది. కాగితం మీద లెక్క అది. రెండో చేతి దగ్గరే పుస్తకం టీవీ పక్కన పడుకుంటుంది గనక 600 అనుకోవడం క్షేమం. ముఖపత్రం లోపల మూడు గీతలు వేసి, ఎవరి నుంచి ఎవరికి ఏ తేదీన వెళ్లిందో రాయిస్తే కాస్త కదులుతుంది. ముప్పై నలభై తిరిగి రావు. రాని పుస్తకం ఎవరింట్లోనో ఉంటుంది గాని గెడ్డలో పడదు కదా, దాని కోసం ఎవరి మీదా విరుచుకుపడనక్కర్లేదు.

పాత పుస్తకం బజార్లో దొరక్కపోతే, చాలావరకు దొరకదు, విడిగా అచ్చు వేయించాల్సిందే. ఇక్కడ రెండు సంగతులు బాగా దగ్గరగా చూడాలి. మొదటిది అక్షరం. తెలుగులో ‘రాష్ట్రం’ అని రాస్తే ష కింద రెండు ఒత్తులు వేలాడతాయి. కింది వరసలో సరిగ్గా అక్కడే గుడి ఉన్న అక్షరం పడితే రెండూ రాసుకుంటాయి. పన్నెండు పాయింట్లకి పదిహేను పాయింట్ల వరస ఎడం ఇచ్చి, ‘పేజీలు తగ్గించామండీ’ అని పేజీలు కూర్చే డీటీపీ ఆయన గర్వంగా చెబితే, అరవై దాటినవాళ్లు ఆ పుస్తకం చదవరు. 14 పాయింట్ల అక్షరం, 20 పాయింట్ల ఎడం అడగండి. కాగితం 70 జీఎస్ఎం (బరువు కొలత) మ్యాప్‌లితో రకం, వీలైతే లేత పసుపు రంగుది. పలచటి తెల్ల కాగితమైతే వెనక పేజీ కనబడి ఒత్తులన్నీ కలిసిపోతాయి. యూనికోడ్ కాని పాత అను ఫాంటుతో కూర్చిన ఫైలుని యూనికోడ్‌లోకి మార్చి వేస్తున్నారంటే ప్రూఫు రెండుసార్లు చూడక తప్పదు. ఆ మార్పిడిలో ఒత్తులు, అరసున్నాలు మాయమవుతాయి, కొన్నిచోట్ల కొత్తవి పుట్టుకొస్తాయి.

రెండోది బైండింగు. విశాఖ గాలిలో తేమకి గమ్ బైండింగు నిలబడదు. మొదటి పాఠకుడు పుస్తకాన్ని వెనక్కి విరిచి పట్టుకుంటాడు, రెండో చేతికి వెళ్లేసరికి మధ్య ఫారం ఊడి చేతిలోకి వస్తుంది. మూడోవాడికి 49 నుంచి 64 దాకా పేజీలుండవు. అరవై పేజీల చిన్న పుస్తకమైతే మధ్యలో పిన్ను కొడతారు, చవకే. బీచ్ రోడ్డుకి దగ్గర ఇళ్లలో ఆ పిన్ను తుప్పు పట్టి కాగితం మీద ఎర్రటి మరక వదులుతుంది. మడత దగ్గర దారంతో కుట్టించండి. కాపీకి కొద్దిగా ఎక్కువవుతుంది గాని మూడు చేతులు తట్టుకుంటుంది. ముద్రకుల దగ్గర కొటేషన్లు మూడు తీసుకుంటే చాలు, నాలుగోది తీసుకునేలోపు కాలం మించిపోతుంది.

హక్కుల సంగతి అచ్చుకిచ్చే ముందే తేలాలి. మన దేశంలో రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు కాపీరైటు ఉంటుంది. ఉదాహరణకి కథకుడు శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారు 1961లో పోయారు కాబట్టి 2022 జనవరి 1 నుంచి ఆయన రాసినవి ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. రావిశాస్త్రి గారు 1993లో పోయారు, 2053 దాకా అనుమతి కావాలి. రామారావు గారు 2021లోనే వెళ్లిపోయారు, ఆయన కుటుంబాన్ని అడగందే అడుగు వెయ్యకూడదు. అనుమతి పత్రంలో ఎన్ని కాపీలు, ఎన్నాళ్లు, అమ్మకమా ఉచితమా, ఆడియోకి కూడానా అన్నవన్నీ విడివిడిగా ఉండాలి. ఆడియో మరిచిపోతే తరవాత చిక్కు. తెలుగు మాట్లాడుతూ చదవలేని కుర్రకారుకి అదే దారి. చూపు లేనివాళ్ల కోసం అందుబాటు రూపంలో తయారు చేసుకోడానికి కాపీరైటు చట్టానికి 2012లో వచ్చిన సవరణ వీలిస్తుంది. దాన్ని చూపించి పీడీఎఫ్‌ని గ్రూపుల్లో తిప్పడానికి మాత్రం వీల్లేదు.

ఎప్పుడు పెట్టాలి? ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పరీక్షలు, పిల్లలున్న ఇంట్లో పెద్దలెవరూ చదువుకోరు, చదివిస్తారు. మే ఎండలో ఎవరూ బయటికి రారు. నాకు నచ్చే లెక్క ఇది. సెప్టెంబరు 21, గురజాడ పుట్టినరోజున, పంపకం మొదలు. నవంబరు 9 దాకా ఏడు వారాలు. చదవడానికి ఆరు, తుపానుకి ఒకటి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చిన ఊరిలో ఆ ఒక్క వారం దాచుకోకుండా పథకం వెయ్యడం అమాయకత్వం. మధ్యలో దసరా సెలవులు కలిసొస్తాయి. కార్తీక మాసం వనభోజనాల్లో అంత్యాక్షరి మానేసి ఒక గంట ఈ పుస్తకానికిస్తే అది ఏ సభ కన్నా బావుంటుంది. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు, చర్చలన్నీ ఆ వారంలో, ఇంటి కప్పు కిందే. ఉక్కునగరం వంటి చోట మూడు షిఫ్టుల వాళ్లుంటారు, ఒకే చర్చని పొద్దునొకసారి సాయంత్రమొకసారి పెట్టకపోతే మూడోవంతు మందిని మనమే తలుపు బయట పెట్టినట్టు.

చర్చకి వేదిక వద్దు. కుర్చీలు గుండ్రంగా వేసి, ఇరవై మందికి మించితే రెండు గుంపులు చెయ్యాలి. పుస్తకం పూర్తి చెయ్యనివాళ్లు కూడా కూర్చోవచ్చు గాని మొదటి అరగంట మాట్లాడకూడదు. ఈ నియమం ముఖ్య అతిథులకి మరీ ముఖ్యం. అసలు ముఖ్య అతిథి ఎందుకని అడిగితే, మరి శాలువా ఎవరికి కప్పుతామంటారు. శాలువా 300 రూపాయలనుకుందాం. ఆరుగురికి 1,800. దారం కుట్టిన చిన్న పుస్తకం 60 రూపాయలకి పడితే ఆ డబ్బుకి 30 కాపీలు వస్తాయి, కంచరపాలెం వాటా మొత్తం.